రాతిగోడకి జానెడంచు

ఇంగ్లండు నడిమధ్యన, లెస్టర్‌షైర్ జిల్లాలో, బ్రీడన్ ఆన్ ది హిల్ అని ఒక చిన్న ఊరుంది. చూడగానే ఏముంది, 'కొండమీది బ్రీడన్' అంతేగా అనుకుంటాం. కాస్త గీకి చూస్తే అసలు తమాషా బయటపడుతుంది. ఆ దేశపు పాతకాపులు బ్రిటన్లు. వాళ్ళ భాషలో 'బ్రె' అంటే కొండ. క్రీస్తుశకం 5వ శతాబ్దంలో రోమన్లు వెళ్ళిపోయాక జర్మనీ, డెన్మార్కు తీరాలనుంచి పడవలెక్కి వచ్చిన సాక్సన్లకి ఆ మాట అర్థం కాలేదు. అదేదో కొండ పేరు కాబోలనుకుని, తమ భాషలో కొండని చెప్పే 'డూన్' తెచ్చి దాని చివర తగిలించారు. మరికొన్ని వందల ఏళ్ళకి ఆ రెండు ముక్కల అర్థమూ జనం మరిచిపోయారు. అప్పుడు 'హిల్' వచ్చి చేరింది. అంటే ఆ ఊరిపేరు అక్షరాలా 'కొండకొండ మీది కొండ' అన్నమాట! నవ్వకండి. మనం 'నడిసెంటర్లో' అనటం లేదూ? 'గేటు తలుపు వేసిరా' అనటం లేదూ?

ఆ కొండమీది చర్చిదీ ఇదే వరస. ముందువాళ్ళు వదిలిపోయిన వాటిని తర్వాత వచ్చినవాళ్ళు పూర్తిగా అర్థం చేసుకోనూ లేదు, పారెయ్యనూ లేదు. అందువల్లే 1200 ఏళ్ళ కిందట సాక్సన్ శిల్పులు చెక్కిన రాళ్ళు ఇవాళ మనం చూడగలుగుతున్నాం.

నేను చూడగలగటం మాత్రం డార్బీలో కాపురం ఉంటున్న మా చెల్లెలి చలవ. రెండేళ్ళ కిందట వేసవిలో దాని దగ్గర నెల్లాళ్ళున్నాను.

"లండన్ వెళ్దామంటే మోకాళ్ళు నొప్పులన్నావు. ఇప్పుడేమో కొండెక్కుతానంటావు. ఏంటక్కా నీ వరస?" అంది.

"లండన్లో మెట్లెక్కాలి. ఈ కొండమీదికి కారు వెళుతుందిట" అన్నాను.

మా మరిది కారు తీశాడు. అరగంట ప్రయాణం. దూరం నుంచే కొండ కనిపిస్తుంది. ఒకవైపు పచ్చటి గడ్డి, నిదానంగా పైకి లేచే వాలు. రెండోవైపు వాలు లేదు, గోడకి మల్లే తెగ్గోసి ఉంది. సగం కొరికి పక్కన పెట్టిన జామకాయలా ఉంది చూడటానికి. కొరికింది సున్నపురాయి క్వారీ. ఎన్నో తరాలుగా తవ్వుతూ వస్తే కొండ తూర్పుభాగం చాలావరకు పోయింది. ఆ తెగ్గోసిన అంచుకి కాస్త ఇవతల, సమాధుల మధ్య, చర్చి ఒంటరిగా నిలబడి ఉంది. ఊరంతా కింద ఉంటే చర్చి ఒక్కటీ పైనెందుకుంది? దానికి అక్కడో కథ ఉంది. మొదట కొండకిందే కడదామని పునాది రాళ్ళు పేర్చారట. పగలు పేర్చిన రాళ్ళని రాత్రికి రాత్రి పావురాలు మోసుకుపోయి కొండమీద పెట్టేవట. ఇదేదో దైవసంకల్పమని చివరికి జనమే పైకెళ్ళి కట్టుకున్నారట. ఎన్ని ఊళ్ళల్లో వినలేదూ ఇలాంటి కథలు! పావురానికి బదులు ఆవో, పామో ఉంటుంది.

చరిత్ర చెప్పే కథలో పావురాలు లేవుగాని, రాళ్ళు ఉన్నాయి. ఆ ప్రాంతమంతా అప్పట్లో మెర్సియా అనే సాక్సన్ రాజ్యం. 655లో యుద్ధంలో చచ్చిపోయిన పెండా రాజు దాకా అక్కడి రాజులు పాత దేవుళ్ళనే కొలిచేవారు. ఆయన పిల్లల కాలంలో క్రైస్తవం వచ్చింది. 7వ శతాబ్దం చివర ఒక సామంతుడు ఈ కొండమీద స్థలం దానమిస్తే సన్యాసులు మఠం కట్టుకున్నారు. చుట్టుపక్కల వాళ్ళకి బాప్తిస్మం ఇవ్వటానికీ, బోధించటానికీ ఒక గురువుని పెట్టాలని ఆ దానానికి షరతు.

ఆ మఠంలో ఒక సన్యాసి ఉండేవాడు, పేరు టాట్‌విన్. 731లో ఆయన్ని కాంటర్‌బరీకి ఆర్చిబిషప్పుని చేశారు. అంటే ఆ దేశంలో మతాధికారులందరికీ పెద్ద. మూడేళ్ళకే పోయాడు. నాకు ఆయన మీద అభిమానం ఆర్చిబిషప్పు అయినందుకు కాదు. లాటిన్లో 40 పొడుపుకథలు రాశాడాయన! వ్యాకరణం కూడా రాశాడనుకోండి, దానికేం, వ్యాకరణాలు చాలామంది రాస్తారు. పొడుపుకథల్లో గంట మీద ఒకటి, తోలుకాగితం మీద ఒకటి, బట్టమీద బొమ్మలు కుట్టే సూది మీద ఒకటి ఉన్నాయి. ఈకకలం మీద రాసినదాంట్లో, ఒకప్పుడు ఆకాశంలో తిరిగినది ఇప్పుడు కట్టుబడి పొలం దున్నుతోంది అనే భావం వస్తుంది. గడ్డం నెరిసిన సన్యాసి కొండమీద చలిలో కూర్చుని కుట్టుసూది గురించి పొడుపుకథ అల్లటం తల్చుకుంటే, ఆ కాలాన్ని చీకటియుగం అని పిలిచినవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది.

ఇక లోపలికి వెళ్దాం. తలుపు తెరవగానే సాక్సన్ రాళ్ళు ఎదురురావు. ముందు కళ్ళకి కనబడేవి షిర్లీ అనే జమీందారీ కుటుంబపు వైభవాలు. 1627 నాటి చెక్క గది ఒకటుంది. మామూలు జనంతో కలవకుండా జమీందారు కుటుంబం కూర్చుని ప్రార్థన చేసుకోవటానికి, బీరువా అంత ఎత్తున నగిషీ చెక్కలతో కట్టించుకున్నారు. దేవుడి దగ్గరా రిజర్వేషనే! 1598లో కట్టిన సమాధి మరొకటి. పైన కుటుంబమంతా ముస్తాబై మోకరిల్లి ఉంటే, కింద అరలో పూర్తి నిడివి అస్థిపంజరం పడుకుని ఉంటుంది. మా చెల్లెలి కూతురు కెవ్వుమంది.

నేను మాత్రం తల పైకెత్తి చూస్తున్నాను. కమానుల పైన, బలిపీఠం వెనక గోడలో, ఇక్కడొక ముక్కా అక్కడొక ముక్కా, జానెడు వెడల్పున రాతి అంచు కనిపించింది. అంచు అని ఊరికే అనటం లేదు. పట్టుచీర అంచే! కొన్ని ముక్కలు 7 అంగుళాల వెడల్పు, కొన్ని 9 అంగుళాలు. అన్నీ కలిపి చేరిస్తే 60 అడుగుల పైచిలుకు. మెలికలు తిరిగే ద్రాక్షతీగ, గుత్తులు, ఆకులు. వాటి మధ్య పళ్ళు పొడుచుకు తినే పిట్టలు. కోళ్ళలా ఛాతీ విరుచుకుని నడిచే పక్షులు. పేరు పెట్టలేని నాలుగుకాళ్ళ జంతువులు. ఈటెలు పట్టుకుని గుర్రాల మీద పోతున్న రౌతులు. మరికొన్నిచోట్ల బొమ్మలే లేవు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని మెలికల ముగ్గు.

"అక్కా, అమ్మ గద్వాల చీర గుర్తొస్తోంది" అంది మా చెల్లెలు మెల్లిగా. దానికీ మోకాళ్ళ సంగతి మరుపుకొచ్చింది.

ఈ పని ఎంత లోతుగా చేశారంటే, చాలాచోట్ల బొమ్మ చుట్టూ ఉలి వెనక్కిపోయి, రాయి బాగా గుంటపడింది. పక్కనుంచి వెలుతురు పడితే ప్రతి ఆకుకీ దాని నీడ దానికుంటుంది. దంతపు పెట్టెమీద పనితనాన్ని రాతిలోకి దించినట్టుంటుంది. 8వ శతాబ్దం చివరా, 9వ శతాబ్దం మొదటా ఈ పని జరిగిందని పండితుల లెక్క. ఆఫా రాజు ఏలిన కాలం, ఆయన తర్వాత కొద్దిపాటి కాలం. ఆఫా 757 నుంచి 796 దాకా ఏలాడు.

సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఈ కొండమీదికి ద్రాక్షతీగ ఎలా వచ్చింది? ఆ చలిలో ద్రాక్షతోట చూసి చెక్కి ఉంటారనుకోవటం కష్టం. ఈజిప్టు, సిరియా, బైజాంటియం వైపు పనివాళ్ళ అలవాట్లు ఇందులో కనిపిస్తాయంటారు పండితులు. శిల్పులు అంత దూరంనుంచి రానక్కర్లేదు. పట్టుబట్టలూ, దంతపు పెట్టెలూ, బొమ్మల పుస్తకాలూ వచ్చాయి. పుణ్యపురుషుల అస్థికలు చుట్టటానికి తూర్పుదేశాల పట్టు వాడేవాళ్ళు ఆ రోజుల్లో. ఆ బట్టమీది అల్లిక చూసి రాతిమీద చెక్కి ఉండవచ్చు. మా చెల్లెలు అంచుని చూసి చీర అనటంలో అసలు తప్పే లేదన్నమాట! తూర్పుతో రాకపోకలకి సాక్ష్యం కావాలంటే ఆఫా రాజు వేయించిన బంగారు నాణెం ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. బాగ్దాదు ఖలీఫా దీనారుకి నకలు అది. 774కి సరిపోయే హిజ్రీ సంవత్సరంతో సహా అరబ్బీ అక్షరాలన్నీ దించేసి, మధ్యలో 'ఆఫా రాజు' అని లాటిన్లో పొడిచారు. ఆ పేరు నిలువుగా చదివేట్టు పట్టుకుంటే అరబ్బీ తలకిందులవుతుంది. కంసాలికి అరబ్బీ రాదని తెలిసిపోతూనే ఉంది. అయితేనేం, అందం బాగుందని ఉంచాడు.

ఇంత చక్కటి మఠం ఎంతోకాలం నిలవలేదు. 873 చలికాలంలో డెన్మార్కు సేనలు దగ్గర్లోని రెప్టన్లో విడిది చేశాయి. మెర్సియా రాజు రోముకి పారిపోయాడు. బ్రీడన్ మఠం కూడా ఆ దెబ్బకే పాడుబడిందని అనుకుంటారు. తర్వాత 1066లో నార్మన్లొచ్చి దేశాన్ని గెలిచారు. 1120 ప్రాంతాల్లో అగస్టీనియన్ సన్యాసులు ఈ కొండమీదే కొత్త మఠం పెట్టుకున్నారు. వాళ్ళకి పాత చెక్కడాలు దొరికాయి. అవి తమ కాలపు పద్ధతివి కావు. వాటి వరస తెలియదు. పగలగొట్టి పునాదుల్లో పోసుకుంటే అడిగేవాడు లేడు. అలా చెయ్యలేదు. గోడల్లో తోచినచోట పొదిగేశారు. పాతచీర చిరిగిపోతే అంచు కత్తిరించి లంగాకి వేసినట్టు! అందుకే ఇవాళ ఆ అంచు వరసగా లేదు. గుర్రం రౌతుల పక్కన ముగ్గు, ముగ్గు పక్కన పిట్ట. మొదట ఎక్కడుండేదో చెప్పే కాగితం ఒక్కటీ మిగల్లేదు.

ఆపైన 1539. 8వ హెన్రీ రాజు దేశంలోని మఠాలన్నీ మూయించి ఆస్తులు లాక్కుంటున్న రోజులు. చాలాచోట్ల పైకప్పు సీసం కరిగించి అమ్ముకున్నారు, రాళ్ళు గోడలకి పట్టుకుపోయారు. బ్రీడన్ని ఫ్రాన్సిస్ షిర్లీ కొన్నాడు. దేనికనుకున్నారు? తమ కుటుంబానికి సమాధుల స్థలం కోసం. పడమటి భాగం కాలక్రమాన నేలమట్టమైంది. షిర్లీల సమాధులున్న తూర్పు భాగం మిగిలి ఊరి చర్చి అయింది. ఆ చెక్క గదిని చూసి వెక్కిరించాను గాని, జమీందారు గొప్పలే లేకపోతే ద్రాక్షతీగ ఉండేదీ కాదు, నేను చూసేదాన్నీ కాదు.

అసలు నేను ఈ వ్యాసం రాయటానికి కారణం అంచు కాదు. ఒక స్త్రీ.

దక్షిణం వైపు నడవా చివర, గోడలో ఒక పలకమీద ఆమె ఉంది. నడుం దాకానే బొమ్మ. తలమీద ముసుగు, దాని మడతలు భుజాలమీదుగా జారుతున్నాయి. గుండ్రటి ముఖం, పెద్ద కళ్ళు. కుడిచెయ్యి దీవిస్తున్నట్టు ఎత్తింది. ఎడమచేతిలో పుస్తకం. ఆ పుస్తకాన్ని ఉత్తచేత్తో పట్టుకోలేదు, బట్టతో పట్టుకుంది. పవిత్రమైనదాన్ని ఒట్టిచేత్తో తాకకూడదని ఆ కాలపు ఆచారం. మడిబట్టతో దేవుడి పెట్టె దింపినట్టు. ఆమె మేరీమాత అని చాలామంది పండితుల మాట. అదే నిజమైతే ఇంగ్లండులో మిగిలిన మేరీమాత శిల్పాల్లో చాలా పాతవాటిలో ఇదొకటి.

మేరీమాత అనగానే మనకి ఒళ్ళో బిడ్డ గుర్తొస్తుంది. ఇక్కడ బిడ్డ లేడు. పుస్తకం ఉంది. 

"ఏం పుస్తకం పెద్దమ్మా అది?" అని అడిగింది చెల్లెలి కూతురు.

"వంటల పుస్తకమై ఉంటుందిలే" అన్నాడు మా మరిది, హాస్యానికి. మా చెల్లెలు చూసిన చూపుకి బయటికెళ్ళి సమాధుల మీద పేర్లు చదువుకున్నాడు పాపం.

బ్రీడన్ మఠం మగవాళ్ళదే. కాని ఆ రాయి చెక్కేనాటికి పుస్తకం పట్టుకున్న స్త్రీ ఆ దేశంలో వింత కాదు. పక్కనున్న రెప్టన్లో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కూడా ఉండే మఠం ఉండేది. దానికి అధిపతి ఒక స్త్రీ. 7వ శతాబ్దం చివర గుత్‌లాక్ అనే యువ సైనికుడు కత్తి పారేసి సన్యాసం పుచ్చుకోవాలనుకుంటే, తలవంచి నిలబడింది ఎల్ఫ్‌త్రిత్ అనే ఆ మఠాధిపతి ముందే. అలాంటి మఠాలు ఆ రోజుల్లో ఇంకా ఉన్నాయి. రాజకుమార్తెలూ, వితంతురాణులూ వాటిని నడిపారు. భూములు చూశారు, లాటిన్ చదివారు, పుస్తకాలకి ప్రతులు రాశారు. జర్మనీలో మతప్రచారం చేస్తున్న బోనిఫేస్ 735 ప్రాంతంలో ఈడ్‌బర్ అనే మఠాధిపతికి ఒక ఉత్తరం రాశాడు. పేతురు లేఖలు బంగారు అక్షరాలతో రాసి పంపమని. కావలసిన బంగారం కూడా తనే పంపాడు. అంత బంగారాన్ని, అంత పనినీ ఒక స్త్రీ చేతిలో పెట్టాడంటే ఆ చేతిరాత మీద ఎంత నమ్మకం ఉండి ఉండాలి!

సేనలొచ్చి మఠాలు కూలిపోయాక ఆ స్త్రీల చదువులూ, అధికారమూ చాలావరకు పోయాయి. తర్వాత మఠాలు మళ్ళీ లేచాయి గాని, మగవాళ్ళనీ ఏలే ఆ రకం మఠాధిపతిరాళ్ళు మాత్రం ఆ పాత తీరున మళ్ళీ కనిపించరు. గోడలో ఈమె ఉండిపోయింది. అగస్టీనియన్ సన్యాసులు ఈమెను చూసి ఏమనుకున్నారో? షిర్లీ దొరసానులు తమ చెక్కగదిలో కూర్చుని ఒక్కసారైనా ఇటు చూశారో లేదో?

ఇరవయ్యో శతాబ్దంలో మాత్రం ఈ కొండని చూడవలసిన కళ్ళు చూశాయి. అవీ ఆడవాళ్ళవే కావటం నాకు సంతోషం. మఠానికి ఎన్నో వందల ఏళ్ళ ముందు, ఇనుపయుగంలో, ఈ కొండ ఒక కోట. దాని మట్టిగోడలు ఇంకా ఉన్నాయి. క్వారీ మింగుతూ వస్తోందని 1946లో ఆ కోటని తవ్వి చూసినావిడ కాథ్లీన్ కెన్యన్. తర్వాత 1950లలో జెరికో తవ్వకాలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నావిడే ఈవిడ. 

రెండోవిడ రోజ్‌మేరీ క్రాంప్. 1929లో ఇదే లెస్టర్‌షైర్‌లో, క్రానో అనే పల్లెలో రైతు ఇంట పుట్టింది. ఇంకా బడిపిల్లగా ఉండగానే, చెల్లెలితో కలిసి తమ పొలంలో రోమన్ల కాలపు ఇంటి ఆనవాళ్ళు కనిపెట్టింది. ఆ పిల్లే పెద్దయి 1971లో డరమ్ విశ్వవిద్యాలయంలో మొదటి మహిళా ప్రొఫెసరయింది. దేశంలో ఏ చర్చి గోడలో, ఏ సమాధుల తోటలో సాక్సన్ చెక్కడం ముక్క ఉన్నా కొలిచి, ఫొటో తీసి, పుస్తకాలకెక్కించే మహాయజ్ఞం ఒకటి ఆమె మొదలుపెట్టింది. మొదటి సంపుటం 1984లో వచ్చింది. బ్రీడన్ శిల్పులు ఎవరి దారిన వచ్చారో, వాళ్ళ పనికీ పీటర్‌బరో వైపు రాళ్ళకీ చుట్టరికమేమిటో తేల్చటంలో ఆమె రాతలు ముఖ్యమైనవి. 2023లో పోయింది, 93 ఏళ్ళకి. 

మరొక్క సంగతి. ఇప్పుడు బూడిదరంగులో, లేత పసుపులో కనిపించే ఈ రాళ్ళు మొదట్లో ఇలా ఉండి ఉండవు. 2003లో లిచ్‌ఫీల్డ్ పెద్ద చర్చి నేల తవ్వుతుంటే, ఇంచుమించు ఈ కాలానిదే ఒక దేవదూత బొమ్మ మూడు ముక్కలుగా దొరికింది. మట్టికింద గాలి తగలకుండా ఉండటంతో రంగు ఇంకా అంటుకునే ఉంది. అది చూశాక బ్రీడన్ తీగలకి, పిట్టలకి కూడా రంగులు వేసుకుని చూడటం నాకు అలవాటైంది. ముసుగు వేసుకున్న ఆ తల్లికి ఏ రంగు వెయ్యాలో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.

బ్రీడన్లోనూ ఒక దేవదూత ఉన్నాడు. మూడడుగుల ఎత్తు. కమాను కింద నిలబడి, దీవిస్తూ, ఒక పాదం చట్రం దాటి ఇవతలికి పెట్టాడు. బొమ్మ చట్రంలోంచి నడిచి వచ్చేస్తున్నట్టుంటుంది. గాబ్రియేల్ అయి ఉంటాడంటారు. చర్చిలో కింద ఉన్నది నకలు. అసలువాడు గంటల గోపురంలో, గంటతాళ్ళు లాగే గదిలో గోడకున్నాడు. పైకెళ్ళాలంటే ఇరుకు మెట్లు. ఆ మాట వినగానే మా చెల్లెలు నా మోకాళ్ళకేసి చూసింది. నకలుతో సరిపెట్టుకున్నాను. గంటలు కొట్టేవాళ్ళకి మాత్రం ఎప్పుడు పైకెక్కితే అప్పుడు దర్శనం.